దానియేలు కలిపిన రెండు కంప్యూటర్లు

గౌడవెల్లిలో చర్చి వెనక గల్లీకి వెళ్లి ఎంబ్రాయిడరీ దానమ్మ ఇల్లు ఏదని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. దానియేలు ఇల్లు ఏదంటే మాత్రం కాసేపు ఆలోచిస్తారు. ఆలోచించి, "కేబుల్ గుంజెటాయననా, దానమ్మ పెనిమిటి?" అని అదే ఇల్లు చూపిస్తారు. దీని మీద దానియేలుకు ఎప్పుడూ బాధ లేదు. భార్య పేరు మీద బతకడంలో అతనికి కొంచెం గొప్పగా కూడా ఉండేది.

అతనికి నలభై ఏడేళ్లు. తండ్రి రాళ్ల క్వారీలో కాలు పోగొట్టుకున్న ఏడాది ఆరో తరగతి పుస్తకాలు కట్టగట్టి అటక మీద పడేశాడు. మొదట ఫోను తీగల కోసం రోడ్ల పక్కన కాలువలు తవ్వాడు. ఆ ఫోన్లు పోయి ఇంటర్నెట్ వచ్చాక మేడ్చల్‌లో ఒక కేబుల్ ఆఫీసులో చేరాడు. బహదూర్‌పల్లి, గుండ్లపోచంపల్లి వైపు కొత్తగా లేచే ఇళ్లలో గోడల పైపుల్లోంచి తీగలు లాగడం అతని పని. లాగి లాగి వేళ్ల చర్మం ఎంత అరిగిపోయిందంటే, రేషన్ షాపులో మిషన్ అతని వేలిముద్రను గుర్తుపట్టడం మానేసి మూడేళ్లయింది. అప్పటినుంచి దానమ్మే వెళ్లి వేలు పెడుతోంది.

పనిలో అతనిదొక పద్ధతి. ఏ గదికైనా ఒక తీగ చాలిన చోట రెండు లాగేవాడు. ఎలుక కొరకొచ్చు, పరదాలు పెట్టేవాడు గోడలో మేకు దింపొచ్చు, ఒకటి పోయినా రెండోది ఉంటుందనేవాడు. తీగ కొసలు బిగించి డబ్బాలో గుచ్చాక పచ్చ లైటు వెలిగిందా, పని అయిపోయినట్టే. ఇంటివాళ్లు సంతకం పెడతారు, అతను నిచ్చెన భుజాన వేసుకుని బయటపడతాడు. దానియేలు లాగిన తీగకు మళ్లీ పిలుపు రాదని ఆఫీసులో పేరు.

ఇక దానమ్మ సంగతి. పన్నెండేళ్ల కింద మేడ్చల్‌లో ఒకాయన దుకాణం మూసేస్తుంటే ఒక ఎంబ్రాయిడరీ మిషన్, దానితో పనిచేసే కంప్యూటర్ కలిపి కొన్నారు. కంప్యూటర్లో బొమ్మ గీసి పంపితే మిషన్ దాన్ని జాకెట్టు గుడ్డ మీద కుడుతుంది. చాలామంది డిజైన్లు సీడీల్లో కొనుక్కుని, ఊరంతా కుట్టిన బొమ్మనే తామూ కుట్టి ఇస్తారు. దానమ్మ అలా చేయలేదు. నాలుగు నెలలు తంటాలుపడి గీయడం నేర్చుకుంది. తంగేడు, గునుగు, తుమ్మపువ్వు, సీతాఫలం కాయ మీద వాలిన పాలపిట్ట, ఏది కంటబడితే అది గీసింది. ఒక్కో కుట్టుకు ఒక్కో చుక్క పెట్టాలి. ఒక పాలపిట్టకు తొమ్మిదివేల చుక్కలు పట్టాయి. మొత్తం మూడువందల పన్నెండు డిజైన్లు. శామీర్‌పేట నుంచి కూడా జాకెట్లు వచ్చేవి.

రెండేళ్ల కింద దానమ్మకు షుగర్ కళ్లకెక్కింది. కుడికంట్లో నల్లమచ్చ, ఎడమకంట్లో మసక. ఉన్న చూపును నిలబెట్టగలంగానీ పోయింది తేలేమని డాక్టరు చెప్పేశాడు. దారం ఎక్కించడం, గుడ్డ బిగించడం చేతి అలవాటుతో చేసుకుపోతుంది. తెర మీద చుక్కలు పెట్టడం మాత్రం ఇక కాదు. కాగితాల మీద గీసుకున్న పాత నమూనాలన్నీ చెదలు తిన్నాయి. మిగిలింది కంప్యూటర్లో ఉన్నదే.

"ఇగ కొత్తయి గీసుడు నాతోని కాదు. ఉన్నయన్న కాపాడు," అంది ఆమె దానియేలుతో. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆమె అతన్ని ఏదైనా అడిగిందంటే అదే.

కాపాడాల్సిన అవసరం వచ్చింది. పోయిన వానాకాలం ఎదురింటి స్తంభం మీద పిడుగు పడ్డప్పుడు పాత కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చే రంధ్రాలన్నీ కాలిపోయాయి. సీడీ పెట్టే అర అంతకుముందే బిగుసుకుపోయింది. ఇంటర్నెట్ పెట్టి చూస్తే, దాన్లో ఉన్న విండోస్ ఎంత పాతదంటే ఈ కాలపు పేజీ ఏదీ తెరుచుకోలేదు. లోపల గీరుతున్న చప్పుడు మొదలైంది. డిస్కు నిండిపోయిందంటూ తెర మీద ఎర్ర గీత వచ్చింది.

మేడ్చల్ రిపేరు షాపువాడు, డబ్బా తెచ్చి ఇస్తే విప్పి లోపలి డిస్కులోంచి అన్నీ తీసి పెడతానన్నాడు. దానమ్మ ఒప్పుకోలేదు. ఒకసారి రిపేరుకిచ్చినప్పుడు ఆమె గీసిన చిలుకల జంట ఎవడి చేతిలోనో పడి, సీడీల్లోకెక్కి, బజారంతా జాకెట్ల మీద ఎగిరింది. డబ్బా గడప దాటొద్దంది. ఇంట్లోనే ఏదో చేయమంది.

అందుకే దానియేలు ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. అమ్మినవాడు దాన్లో విండోస్ కాక లినక్స్ వేసి ఇచ్చాడు, వైరస్ రాదు, ఉచితం కూడా అన్నాడు. ఏదైతేనేం, కంప్యూటరే కదా అనుకున్నాడు దానియేలు. ఆఫీసులో మూలన పడేసిన ఒక రౌటరు అడిగి తెచ్చాడు. రెండు తీగలు కోసి, ఎనిమిది రంగుల సన్నతీగల్ని వరసలో పెట్టి కొసలు బిగించాడు. ఆ పని అతను కళ్లు మూసుకుని చేయగలడు. రెండు కంప్యూటర్లకూ గుచ్చాడు. రెండుచోట్లా పచ్చ లైట్లు వెలిగాయి.

"కలిసినయ్," అన్నాడు.

దానమ్మ ల్యాప్‌టాప్ తెరకు ముఖం ఆనించి వెతికింది. "ఏడ కలిసినయ్? నా పూలు యేడ?"

ఏమీ లేవు. తెర ఖాళీగా ఉంది. తీగలు మార్చాడు. కొసలు కోసి మళ్లీ బిగించాడు. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. వారం రోజులు పనినుంచి రాగానే కాళ్లు కడుక్కుని దాని ముందు కూర్చునేవాడు. ఒకరోజు పాత కంప్యూటర్ పేరు ల్యాప్‌టాప్ మీద కనపడింది. దాని మీద నొక్కితే ఇంగ్లీషులో ఏదో వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. కుదరదు అని మాత్రం అర్థమైంది. ఊళ్లో ఎన్ని ఇళ్లను కలిపాడో లెక్కలేదు, సొంత ఇంట్లో మూరెడు దూరంలో ఉన్న రెంటినీ కలపలేకపోతున్నానని అతనికి సిగ్గేసింది. దానమ్మ అప్పుడప్పుడు వచ్చి, పాత డబ్బా మీద చెయ్యిపెట్టి వేడి చూసేది, జ్వరం చూసినట్టు.

చివరికి ఆఫీసులో ప్రతాప్‌ను పిలిచాడు. ప్రతాప్ రౌటర్ల లోపలి అమరికలు చూసే మనిషి, దానియేలుకన్నా పదేళ్లు చిన్న. ఆదివారం మధ్యాహ్నం దానియేలు వాళ్లు చర్చిలో ఆరాధన అయి వచ్చేసరికి ప్రతాప్ గడపలో చెప్పులు విడుస్తూ కనిపించాడు. దానమ్మ కోడికూర పెట్టింది. తిన్నాక కూర్చున్నాడు. చూసి నవ్వాడు.

"అన్నా, లైటు ఎలిగితే తీగ బాగున్నట్టు, గంతే. పాతది పాత పద్ధతిల పలకరిస్తాంది. కొత్తది దాన్ని దొంగ అనుకొని తలుపు తీస్తలేదు."

ల్యాప్‌టాప్‌లో ఒక నల్లతెర తెరిచి నాలుగు వరసలు కొట్టాడు. పాత పద్ధతి పలకరింపును కూడా ఒప్పుకోమని దానికి చెప్పాడట. రెంటినీ ఒకే గుంపు పేరు కింద పెట్టాడు. పాతదాంట్లో అడ్డుగోడ తీసేసి, దానమ్మ డిజైన్ల ఫోల్డర్‌ను ఇంట్లోవాళ్లు చూడొచ్చు అని గుర్తుపెట్టాడు. ఇంతలో అతని ఫోను మోగింది. బహదూర్‌పల్లిలో జేసీబీ తవ్వి మెయిన్ కేబుల్ తెంపిందట. లేస్తూ లేస్తూ ల్యాప్‌టాప్ మీద ఒక్కసారి నొక్కాడు. తెర నిండా చిన్నచిన్న బొమ్మలు పరుచుకున్నాయి.

"సూడన్నా, ఆడివన్నీ ఈడ కనవడ్తున్నయ్. ఇగ కాపీ కొట్టుకో," అని బండి స్టార్ట్ చేశాడు.

కాపీ అంటే ఏమిటో దానియేలు అడగలేదు. అడగాల్సిన మాటలా అనిపించలేదు. అక్కడివి ఇక్కడికి వచ్చాయి కదా, కళ్లముందు ఉన్నాయి కదా.

దానమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి ఒక్కోదాన్నీ గుర్తుపట్టింది. ఇది తంగేడు. ఇది పక్కింటి చిన్న ఝాన్సీ బాప్తీస్మం గౌనుకు గీసిన లిల్లీ. ఇది గల్లీలోని కుర్మయ్య వాళ్లింట పెళ్లికి గీసింది. దానియేలు పాలపిట్ట మీద నొక్కితే అది తెర నిండా తెరుచుకుంది. ఆమె వేలితో దాని రెక్క తడిమింది. లెక్కపెట్టమంది. కింద అంకె ఉంటే చదివి చెప్పాడు, మూడువందల పన్నెండు. పాత డబ్బాలోనూ అంతే.

"ఇగ ఇది సచ్చినా భయం లేదు," అని నవ్వింది దానమ్మ. అలా నవ్వి చాలా రోజులైంది. ఆ రాత్రి ఆమె ప్రార్థనలో ప్రతాప్ పేరు కూడా చెప్పింది.

మంగళవారం దానమ్మ కళ్ల పరీక్షకు మేడ్చల్ వెళ్లింది. వానకు స్తంభాల పని ఆగి దానియేలు ఇంట్లోనే ఉన్నాడు. శామీర్‌పేట కామేశ్వరమ్మ ఎనిమిది జాకెట్లు పంపింది. ఆమె అక్కడ చీరల దుకాణం నడుపుతుంది. మునుపు కుట్టిచ్చిన తంగేడు పువ్వే కావాలంది. సాయంత్రానికల్లా మిషన్ సిద్ధంగా ఉంచుదామని దానియేలు పాత కంప్యూటర్ పెట్టాడు. అది గురకపెట్టి మధ్యలో ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగింది. ఎర్ర గీత కనబడుతోంది.

దానియేలు జీవితంలో చాలా బరువులు ఎక్కించాడు, దించాడు. సరుకు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి చేరిపోయాక, పాత బండి ఇంకా ఎందుకు ఒరిగి ఉండాలి? ల్యాప్‌టాప్ తెరిచి మరోసారి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. మూడువందల పన్నెండు. రెండోది భద్రంగా ఉంది గనుక మొదటిదాన్ని తేలిక చేద్దామనుకున్నాడు. తంగేడు ఒక్కటి సాయంత్రం అక్కడినుంచి ఇక్కడికి తెచ్చుకుంటే సరి.

పాతదాంట్లో ఫోల్డర్‌ను పట్టుకుని చెరిపేశాడు. నిజంగానా అని అడిగింది. అవునన్నాడు. ఎర్ర గీత తగ్గలేదు. చెత్తబుట్ట ఖాళీ చేస్తేగానీ తగ్గదని అతనికి తెలుసు, అదీ ఖాళీ చేశాడు. గీత నీలంగా మారింది. మునుపెప్పుడో ప్రతాప్ చూపించిన ఇంకో పని గుర్తుకొచ్చింది, డిస్కు లోపలివన్నీ జరిపి ఒద్దికగా సర్దేది. అదీ పెట్టాడు. మధ్యాహ్నం నుంచి మూడు గంటలు అది సర్దుతూనే ఉంది. ఈలోపు అతను అన్నం వండాడు, టమాటా పప్పు చేశాడు. కంప్యూటర్ చప్పుడు తగ్గినట్టనిపించి సంతోషించాడు.

నాలుగున్నరకు తంగేడు తీద్దామని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఫోల్డర్ పేరే లేదు.

తీగ ఊడిందనుకున్నాడు. వంగి చూశాడు. గుచ్చే ఉంది. తీసి మళ్లీ గుచ్చాడు. రౌటరు ఆపి పెట్టాడు. లైట్లు వెలిగాయి. పాత కంప్యూటర్ పేరు కనబడుతోంది, దాని మీద నొక్కితే తలుపు తెరుచుకుంటోంది, లోపల ఏమీ లేదు. కొత్త తీగ కోసి, రంగులు వరసలో పెట్టి, కొసలు బిగించాడు. ఒక సన్నతీగ రెండుసార్లు జారింది.

ప్రతాప్‌కు ఫోన్ చేశాడు.

"ఏడ చెరిపినవన్నా?"

"పాతదాంట్ల. కొత్తదాంట్ల ఉన్నయి గద తమ్మీ."

 అవతల లారీ పోతున్న మోత వినబడింది.

"అన్నా, అవి కొత్తదాంట్ల లేవు. కిటికీలకెల్లి పక్కింటి బియ్యం బస్తా కనవడ్డట్టు కనవడ్డయ్ గంతే. బస్తా ఆడనే ఉండె. కాపీ కొట్టుకొమ్మంటి గద నేను..." అని, ఆ మాట అన్నందుకు తనే ఆగిపోయాడు. కంప్యూటర్ వెంటనే ఆపేయమని, ఇంకేమీ పెట్టొద్దని చెప్పాడు. సర్దుడు కూడా పెట్టానని దానియేలు చెప్పాక, "అయ్యో అన్నా," అన్నాడు చిన్నగా.

దానియేలు ఆపేశాడు. అతను ల్యాప్‌టాప్‌లో చూసింది, ఒకటి పోయినా మిగిలే రెండో తీగ కాదు, ఒకటే తీగకు రెండో కొస. ఆ సంగతి అందరికన్నా ముందు తెలియాల్సింది అతనికే.

దానమ్మ వచ్చేసరికి అతను గడపలో కూర్చుని ఉన్నాడు. కంటి చుక్కల మందు వేయడంతో ఆమెకు ఏమీ సరిగా కనబడటంలేదు. గోడ పట్టుకుని వచ్చింది. అతని ముఖం కనబడనందుకు అతనికి కొంచెం నయమనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా అధ్వానంగా అనిపించింది. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పాడు. ఎట్లా జరిగిందో అంతా వరసగా చెప్పాడు.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

"తంగేడు?"

"అన్నీ దానమ్మా."

ఆమె ఒళ్లో ఒక జాకెట్టు గుడ్డ ఉంది. దాని వెనక వేలాడే దారం కొసల్ని వేళ్లతో వెతికి ఒక్కోటీ తుంచసాగింది. తుంచడం అయిపోయాక కూడా వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. తిడితే బాగుండుననుకున్నాడు. గిన్నె విసిరినా బాగుండేది.

"నన్నొక్క మాట అడగరాదా," అంది చివరికి. "సాయంత్రంకల్ల వత్తుంటి గద."

అంతే. ఆ రాత్రి ఇద్దరూ పప్పన్నం ముందు కూర్చుని లేచారు.

మర్నాడు డబ్బా గడప దాటింది. వద్దనడానికి ఆమెకు ఇక కారణం లేదు. దానియేలు దాన్ని దుప్పట్లో చుట్టి బండి మీద మేడ్చల్ షాపుకు తీసుకెళ్లాడు. షాపువాడు డిస్కు విప్పి మూడు రోజులు పెట్టుకున్నాడు. చెరిపిన వెంటనే ఆపి తెచ్చి ఉంటే చాలావరకు దొరికేవని, సర్దుడు పెట్టడంతో ఆ చోట్ల వేరేవి వచ్చి కూర్చున్నాయని చెప్పాడు. దొరికినవి నలభై మూడు. దానియేలు ఇంటికి తెచ్చి ఒక్కోటీ తెరిచాడు. ముప్పైదాకా తెరుచుకోనేలేదు. తెరుచుకున్నవాటిలో ఒకదాంట్లో కాడ ఉంది, పువ్వు లేదు. పాలపిట్ట సగం దాకా వచ్చి, తర్వాత వంకరటింకర గీతలై తెర చివరిదాకా పోయింది.

అది ఆమెకు చూపించలేదు. చూపించినా ఆమెకు ఆనవాలు దొరికేది కాదేమో. అతనే ఒకసారి గీద్దామని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని చెబితే తను చుక్కలు పెట్టొచ్చుననుకున్నాడు. రెండు సాయంత్రాలు పెట్టాడు. ఆకు ఎక్కడ వంగాలని ఆమెను అడిగితే, చేత్తో గాలిలో చూపించింది. అతను అలాగే వంచాననుకున్నాడు. గుడ్డ మీద కుట్టి చూస్తే గొంగళిపురుగులా వచ్చింది. దానమ్మ దాన్ని వేలితో తడిమి, మడిచి పక్కన పెట్టింది. మూడో సాయంత్రం ఆమె వచ్చి కూర్చోలేదు. నడుం నొప్పి అంది.

ఆ పై వారం శనివారం కామేశ్వరమ్మ తనే వచ్చింది, జాకెట్ల సంగతి కనుక్కుందామని. దానమ్మ కుర్చీ వేసి, తంగేడు పువ్వు లేదని చెప్పింది. కంప్యూటర్ చెడిపోయి అన్నీ పోయాయని చెప్పింది. ఎవరి చేతుల్లో పోయాయో చెప్పలేదు. దానియేలు వాకిట్లో బండి తుడుస్తున్నాడు. అతని చేతిలో గుడ్డ ఆగింది.

మిషన్ లోపల దాని సొంత జ్ఞాపకంలో, తయారుచేసిన కంపెనీ వాళ్లు మొదట్లోనే పెట్టి పంపిన పది బొమ్మలుంటాయి. పన్నెండేళ్లలో దానమ్మ వాటిని ఒక్కసారి కూడా కుట్టలేదు. ముందురోజే మొదటిసారి వాటిలో ఒక గులాబీని వృథా గుడ్డ మీద కుట్టి ఉంచింది. అది తెచ్చి ఇచ్చింది. ఇదొక్కటి ఉంది, వద్దంటే జాకెట్లు వాపసు తీసుకుపోవచ్చని చెప్పింది.

కామేశ్వరమ్మ గుడ్డను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏదైతేంది దానమ్మా, పువ్వే గద. జర జల్దీ కుట్టియ్యి, సాలు."

దానమ్మ సరేనంది. టీ పెట్టమంటావా అని కూడా అడిగింది. ఆమె తర్వాత తాగుతానని, ఆటో ఆగి ఉందని వెళ్లిపోయింది.

దానియేలు లోపలికి వచ్చి నిలబడ్డాడు. దానమ్మ మొదటి జాకెట్టు గుడ్డను బిగించి, ఎర్రదారం ఏదో తీసి ఇమ్మంది. ఇచ్చాడు. ఆమె దారం ఎక్కించి మీట నొక్కింది. మిషన్ గులాబీ కుట్టడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ ఆమె గుడ్డ మీదికి వంగి, మొదటి కుట్టు నుంచి చివరి కుట్టుదాకా కళ్లు తిప్పకుండా కూర్చునేది. ఇప్పుడు అది కుడుతుండగానే లేచి, గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి పడుకుంది. అయిపోయినప్పుడు గుడ్డ మార్చమని అక్కడినుంచే చెప్పింది.

అతను మార్చాడు. ఎనిమిదీ సాయంత్రానికల్లా అయిపోయాయి.